గాణగాపురం పోతూ కలబురగి కోటలో మసీదు చూడాలి, ఎట్లా ప్లాన్ చేసుకోవాలి?

సాఖర్‌పేట కోడలు:

అందరికీ నమస్తే. మాది సోలాపూర్. ఫిబ్రవరిలో, గడ్డా యాత్ర (మా ఊరి సిద్ధేశ్వరుడి జాతర) హడావుడి అంతా సద్దుమణిగాక, మా అత్తమ్మను గాణగాపురం తీసుకుపోదామని అనుకుంటున్నాం. దత్తుడికి మొక్కుకున్న మొక్కు, మోకాళ్ళ నొప్పులని ఏటికేడు వాయిదా పడుతూ వచ్చింది. ఈసారి ఖాయం అనుకునే లోపు మా పెద్దోడు మధ్యలో ఇంకోటి పెట్టాడు. వాడు పుణెలో ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరం. పాత కట్టడం ఏదైనా ఒకటి స్వయంగా చూసి, కొలతలు తీసి, బొమ్మలు గీసి తెమ్మన్నారట కాలేజీలో. క్లాసులో సగం మంది బీజాపూర్ గోల్ గుంబజ్ మీద పడ్డారు, నేను వేరేది చేస్తా అని కలబురగి కోట లోపలి జామా మసీదు పట్టుకున్నాడు. "అమ్మా, మన దేశంలో అంత పెద్ద మసీదు వాకిలి, అంటే ముందర తెరిచి ఉండే ఆవరణ, లేకుండా ఇంకోటి లేదు, మొత్తం పైకప్పే" అంటాడు. వాకిలి లేకపోవడంలో గొప్పేంటో నాకు అర్థం కాలేదు. మా ఆయనకైతే వినే ఓపిక కూడా లేదు, పాడుబడ్డ కోటలో గోడలు చూడడానికి రెండు రోజులు సాంచెలు (మరమగ్గాలు) ఆపుకోవాలా అని ఒకటే గొణుగుడు.

ఇంతకీ అడగాల్సినవి. ముందు మసీదా, ముందు గాణగాపురమా? మొక్కు తీరేదాకా ఇంకెక్కడా కాలు పెట్టనని అత్తమ్మ ముందే తేల్చి చెప్పింది. కారు మేలా, రైలు మేలా? మేం హిందువులం, పైగా ఇద్దరం ఆడవాళ్ళం, లోపలికి రానిస్తారా, ఎవరికైనా ఇబ్బందా? పెద్దామె ఎక్కువ దూరం నడవలేదు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ నిలబడి ఏం చూడాలో ఎవరైనా మామూలు మాటల్లో చెప్పండి. నెట్‌లో ఎక్కడ చూసినా అవే నాలుగు లైన్లు. మా వాడు చెప్తే సగం ఇంగ్లీషే, నాకు తల తిరుగుతుంది.

రైలుబండి:

రైలే అక్కా, ఇంకో ఆలోచన పెట్టుకోకు. సోలాపూర్ నుంచి కలబురగి 110 కిలోమీటర్ల చిల్లర, బండిని బట్టి గంటన్నర నుంచి రెండు గంటలు. ముంబై నుంచి హైదరాబాద్ పోయేవి, బెంగళూరు పోయేవి చాలా బండ్లు ఈ లైన్లోనే పోతాయి కాబట్టి ఇది కాకపోతే అది దొరుకుతుంది. అక్కల్‌కోట్ రోడ్, దుధని, గాణగాపూర్ రోడ్, ఆ తర్వాత కలబురగి. ఒక్కటే చూసుకోవాలి, గాణగాపూర్ రోడ్‌లో అన్ని బండ్లూ ఆగవు. స్టేషన్లో దిగాక కూడా గుడి ఇంకా 20 కిలోమీటర్ల పైనే ఉంటుంది, ఆటోనో బస్సో పట్టుకోవాలి. ఆ సంగతి తెలియక గుడి స్టేషన్ బయటే ఉంటుందనుకొని దిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

రెండూ ఒక్క రోజులో పెట్టుకోకండి. గాణగాపురంలో మధ్యాహ్నం భిక్ష ముఖ్యం, ఆ వేళకి దత్తుడే ఏదో ఒక రూపంలో వచ్చి భిక్ష అడుగుతాడని నమ్మకం, అందుకే వచ్చినవాళ్ళు మధుకరం పెడతారు, కొందరు తామే జోలె పట్టి అడుక్కుంటారు. అది వదులుకొని పోతే అత్తమ్మ ఏడాదంతా గుర్తుచేస్తుంది. మసీదేమో పొద్దున పూట చూడాల్సింది. రెండూ పొద్దుటి పనులే అన్నమాట. కాబట్టి మొదటి రోజు తెల్లవారుజామునే బయల్దేరి గాణగాపురం, సంగమంలో స్నానం, పాదుకల దర్శనం, మధ్యాహ్నం భిక్ష అయ్యాక సాయంత్రానికి కలబురగి చేరి పడుకోండి. గుడి నుంచి ఊరికి రోడ్డు మీద 40 కిలోమీటర్ల పైచిలుకు. మర్నాడు పొద్దున్నే కోట, మధ్యాహ్నం బండికి ఇంటికి. మొక్కూ ముందే తీరుతుంది, మీవాడి పనీ అవుతుంది. పౌర్ణమి రోజు మాత్రం పెట్టుకోకండి, పెద్దామెతో ఆ జనంలో చాలా కష్టం. పుస్తకాల్లో, పాత బోర్డుల మీద గుల్బర్గా అని ఉంటే కంగారు పడకండి, రెండూ ఒకటే, 2014లో పేరు మార్చారు.

అశోక్‌చౌక్:

నేను చూశాను, సూపర్‌గా ఉంటుంది. మీకు తెలుసా, అది స్పెయిన్‌లో కార్డోబా మసీదుకి అచ్చంగా కాపీ. ప్రపంచం మొత్తంలో అలాంటివి రెండే, ఒకటి అక్కడ, ఒకటి మన పక్కనే. మాకు కోటలో ఒకాయన దగ్గరుండి చెప్పాడు. లోపల నిలబడితే ఎటు చూసినా కమాన్లే కమాన్లు, ఫొటోలకి అదిరిపోయే ప్లేసు. పెళ్ళి షూట్‌లు కూడా తీసుకుంటున్నారు.

దేగ్లూర్ మాస్టారు:

అశోక్‌చౌక్ తమ్ముడూ, ఆ కార్డోబా కథ కలబురగిలో ఆటో ఎక్కినప్పటి నుంచీ వినబడుతుంది, చాలా వెబ్‌సైట్లలోనూ ఉంది. కానీ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడు. కార్డోబాది 785లో మొదలైంది, తర్వాత రెండు వందల ఏళ్ళ దాకా పెంచుతూ పోయారు. అక్కడ బరువంతా సన్నటి రాతి స్తంభాల మీద, వందల స్తంభాలు, వాటి మీద ఎరుపూ తెలుపూ పట్టీలతో ఒకదాని మీద ఒకటి రెండంతస్తుల కమాన్లు. పైన చెక్క కప్పు. ముందర నారింజ చెట్లున్న పెద్ద వాకిలి కూడా ఉంది. కలబురగిలో స్తంభాలే లేవు, అన్నీ బండలాంటి మందపాటి దిమ్మలు. కప్పు చెక్క కాదు, గుమ్మటాలు. వాకిలి అసలే లేదు. మరి దేన్ని కాపీ కొట్టినట్టు? పైగా 1236లోనే కార్డోబా క్రైస్తవ రాజుల చేతికి పోయి చర్చి అయిపోయింది, కలబురగిలో ఇది కట్టింది 1367లో. రెండిట్లోనూ వరసగా కమాన్లు కనబడతాయి, అంతవరకే పోలిక. ఇండియాలో చూస్తున్నదాన్ని మెచ్చుకోవాలంటే యూరప్ పేరొకటి తగిలించాలన్న పాత అలవాటు ఇంకా పోలేదు మనకి.

కట్టినవాడి పేరు శాసనంలోనే ఉంది, అది అరుదైన సంగతి. మన దగ్గర గొప్ప కట్టడాల్లో ఎన్నిటికి మేస్త్రీ పేరు మిగిలింది చెప్పండి, రాజు పేరు తప్ప. ఇక్కడ రఫీ అని ఉంది, వాళ్ళది కజ్వీన్, అంటే ఇరాన్. హిజ్రీ 769. బహమనీ రెండో సుల్తాను మొదటి మహమ్మద్ షా కాలం. రాజ్యం పుట్టిందే 1347లో, అంటే ఇరవై ఏళ్ళకి ఈ మసీదు లేచింది. కొత్త రాజ్యం, కొత్త రాజధాని, దూరం నుంచి వచ్చిన మేస్త్రీ.

ఇప్పుడు అమ్మా, మీరు అడిగింది. వాకిలి లేకపోతే గొప్పేంటని.

ఏ ఊరి పాత జామా మసీదైనా తలుచుకోండి, బీజాపూర్‌ది గానీ ఢిల్లీది గానీ. పడమటి వైపు నమాజు హాలు, దాని ముందు పెద్ద తెరపి, మధ్యలో కాళ్ళు కడుక్కునే హౌజు, చుట్టూ వరండా. ఆ తెరపి వల్లే హాలుకి వెలుతురు, గాలి. దాన్ని తీసేసి మొత్తం కప్పేస్తే ఏమవుతుంది? నడిమధ్య చీకటి గుయ్యారం అవుతుంది. 216 అడుగులు ఒక పక్క, 176 అడుగులు ఇంకో పక్క, అంత మేర ఒకే కప్పు కింద పెట్టి, లోపల పట్టపగలు దీపం లేకుండా కనబడేలా చేయాలి. రఫీ ముందున్న చిక్కు అది.

ఆయన ఏం చేశాడంటే, బయటి గోడల్ని గోడలుగా ఉంచలేదు. తూర్పు, ఉత్తరం, దక్షిణం మూడు వైపులా చాలా వెడల్పాటి కమాన్లతో ఒక వరండా చుట్టి వదిలాడు. ఈ కమాన్లు మామూలువి కావు. మామూలుగా కమాను వంపు మన తల కంటే బాగా పైన మొదలవుతుంది కదా, ఇక్కడ దిమ్మ పొట్టిగా ఉండి చాలా కిందే వంపు తిరుగుతుంది, తిరిగి అటు చివర దాకా సాగుతుంది. పొట్టి కాళ్ళు, వెడల్పాటి భుజాలు. మొదటిసారి చూసినవాళ్ళకి ఏదో కొలత తప్పినట్టు అనిపిస్తుంది. తప్పలేదు. అంత వెడల్పు ఉండబట్టే వెలుతురు లోపలి దాకా పాకుతుంది. లోపలి హాలేమో చిన్న చిన్న గడులు, ఒక్కో గడి మీద ఒక్కో చిన్న గుమ్మటం, అలా అరవై పైచిలుకు. ఒక గుమ్మటం పక్కకి తోసే బరువును పక్క గుమ్మటం ఆపుతుంది, చివరి వరస తోపుని చుట్టూ ఉన్న ఆ వరండా కాస్తుంది. అందుకే వరండా అందానికి పెట్టింది కాదు, నడుం కట్టు అది.

పడమటి గోడ దగ్గర, మిహరాబు (నమాజు దిక్కు చూపే గూడు) ముందు మాత్రం తొమ్మిది గడుల చోటు ఖాళీ చేసి దాని మీద ఒకటే పెద్ద గుమ్మటం లేపాడు. అక్కడికి వచ్చేసరికి పొట్టి కమాన్ల కింద నుంచి వచ్చిన మనిషికి తల మీద హఠాత్తుగా ఎత్తు పెరుగుతుంది. ఆ గుమ్మటం నేరుగా కప్పు మీద కూర్చోదు, ఒక ఎత్తయిన చదరపు కట్టు మీద నిలబడి ఉంటుంది, ఆ కట్టుకున్న కిటికీల్లోంచి ఇంకొంచెం వెలుతురు దిగుతుంది. చదరపు గోడల మీద గుండ్రటి గుమ్మటం ఎలా కూర్చుందో చూడాలంటే తలెత్తి నాలుగు మూలలూ చూడండి, మూలకి అడ్డంగా ఒక్కో కమాను వేసి చదరాన్ని ఎనిమిది పలకలు చేశాడు. మీవాడు దీన్నే ఇంగ్లీషులో చెప్పి మీ తల తిప్పి ఉంటాడు. నాలుగు చివర్లలో మరో నాలుగు ఓ మాదిరి గుమ్మటాలు. మినార్లు లేవు. చెక్కడాలు దాదాపు లేవు. ఉత్తరం వైపు ఎత్తయిన ద్వారం ఒకటి ఉంది, బయటి కమాన్ల వరస తప్పి పైకి లేచేది అదొక్కటే.

ఈ నమూనాని దక్కన్‌లో ఇంత పెద్ద ఎత్తున మళ్ళీ ఎవరూ ఎత్తుకోలేదు. బహమనీలు కూడా వాకిలి ఉన్న మసీదులకే తిరిగి వెళ్ళారు. కలబురగిలోనే షా బజార్ మసీదు ఉంది, బహమనీల కాలందే, అందులో వాకిలి ఉంది. టైముంటే ముందు అది చూసి తర్వాత కోటలోది చూస్తే తేడా వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

అశోక్‌చౌక్:

మాస్టారూ మీరు చెప్పింది సరే గానీ, లోపల నిలబడి చూస్తే ఆ ఫీలింగ్ మాత్రం కార్డోబా ఫొటోల్లాగే ఉంటుంది, ఆ మాట నేను వెనక్కి తీసుకోను. ఇంకో సంగతి, ఆ కోటని మొదట కట్టింది మన ఓరుగల్లు కాకతీయుల సామంతుడు గుల్‌చంద్ అంటారు కదా. అంటే మన తాతల ఊరి వాళ్ళదే. సోలాపూర్‌లో సగం మంది పద్మశాలీలం అటు నుంచి వచ్చినవాళ్ళమే, మనకి అందులో వాటా ఉన్నట్టే!

దేగ్లూర్ మాస్టారు:

గుల్‌చంద్ మాట స్థానికంగా చెప్పుకునేది, కాదనను. కానీ ఓరుగల్లుకీ ఈ మసీదుకీ అంతకంటే గట్టి లింకులు రెండున్నాయి, రెండూ కొంచెం చేదువే.

మసీదు కట్టించిన ఇదే మహమ్మద్ షా, అది పూర్తికావడానికి కొన్నేళ్ళ ముందే ఓరుగల్లు ఏలుతున్న కాపయ నాయకుడితో యుద్ధం చేశాడు. సంధిలో గోల్కొండ కోట బహమనీలకి పోయింది. మణులు పొదిగిన ఫిరోజా సింహాసనం ఒకటి కూడా కలబురగి చేరింది, తర్వాత బహమనీ సుల్తానులు దాని మీదే కూర్చున్నారని ఫెరిష్తా అనే చరిత్రకారుడు రాశాడు. అంటే ఆ కోటలో దర్బారు జరిగిన గద్దె మన దగ్గర్నుంచి పోయిందే. వాటా అంటే అదీ తమ్ముడూ.

రెండోది ఢిల్లీలో. దాదాపు అదే కాలంలో, ఫిరోజ్ షా తుగ్లక్ రోజుల్లో, అక్కడ ఖిర్కీ మసీదు కట్టారు. అది కూడా చాలావరకు కప్పేసినదే, కానీ పూర్తిగా కప్పలేక మధ్యలో నాలుగు చిన్న చిన్న వాకిళ్ళు వదిలారు వెలుతురు కోసం. దాన్ని కట్టించింది వజీరు జునాన్ షా. అతని తండ్రి మాలిక్ మక్బూల్, ప్రతాపరుద్రుడి దగ్గర పనిచేసిన తెలుగువాడు, ఓరుగల్లు పడ్డాక ఢిల్లీ పోయి మతం మారి ఫిరోజ్ షాకి వజీరయ్యాడు. ఢిల్లీ చరిత్రల్లో తిలంగానీ అనే రాస్తారు అతన్ని. ఒకే చిక్కుకి ఢిల్లీలో తెలుగువాడి కొడుకు ఒక దారి పట్టాడు, కలబురగిలో ఇరానీ మేస్త్రీ ఇంకో దారి. ఆర్కిటెక్చర్ చదివే కుర్రాడు రెండు ప్లాన్లూ పక్కపక్కన గీసి పెట్టుకుంటే, కార్డోబా కంటే పనికొచ్చే పోలిక అది. ఆ రెండిట్లో నాకు కలబురగిదే నచ్చుతుంది, ఖిర్కీ లోపల చీకటెక్కువ.

సేడం పిల్లగాడు:

నేను పుట్టింది సోలాపూర్‌లోనే, ఇప్పుడు ఉద్యోగం కలబురగిలో. మాస్టారు బిల్డింగు సంగతి చెప్పారు, నేను కాళ్ళ సంగతి చెప్తా.

స్టేషన్ నుంచి కోట దగ్గరే, ఆటో మాట్లాడుకోండి. ఎక్కే ముందే రేటు తేల్చుకోండి, గుంపుగా సంచులతో కనబడితే యాత్రికుల రేటు చెప్తారు. కోట చుట్టూ కందకం, అందులో గుర్రపుడెక్కా తుంగా. లోపలికి పోయాక చాలా దూరం నడిచేది లేదు, నేల చదునే, కానీ రాళ్ళూ గుంటలూ ఉంటాయి, పెద్దామెకి చేతికర్ర ఉంటే మంచిది. మసీదులో కూర్చోవడానికి చల్లగా ఉంటుంది. చెప్పులు బయటే వదలాలి, అందుకని ఎండెక్కకముందే పోవడం మేలు, రాయి కాలిందంటే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఫిబ్రవరి చివర్లోనే ఇక్కడ మధ్యాహ్నం ఎండ ముదురుతుంది. ఇక వేసవిలోనైతే పొద్దున తప్ప రావద్దనే చెప్తా.

లోపలికి రానిస్తారా అంటే, అది ఆర్కియాలజీ వాళ్ళ చేతిలో ఉన్న కట్టడం, అన్ని మతాల వాళ్ళూ, ఆడవాళ్ళూ చూడటానికి వస్తూనే ఉంటారు, ఎవరూ ఏమీ అనరు. తల మీద కొంగు కప్పుకుంటే మర్యాదగా ఉంటుంది, తప్పనిసరి అని కాదు. శుక్రవారం మధ్యాహ్నం పూట మాత్రం వదిలేయండి, ఏ పాత మసీదుకైనా నేను అదే పాటిస్తా. ఎవరైనా ప్రార్థనలో ఉంటే వాళ్ళ ముందు నుంచి నడవకండి, వెనక నుంచి తిరిగి పోండి.

ఒకటి మాత్రం మిస్ కావద్దు. మసీదుకి దగ్గర్లోనే కోట నడిమధ్యలో బాలా హిసార్ అని పెద్ద బురుజు లాంటి కట్టడం ఉంది, ఇక్కడ రణమండల్ అంటారు. దాని మీదికి ఎక్కనిచ్చిన రోజైతే మీవాణ్ణి పంపండి, పెద్దామె కింద ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే మసీదు కప్పు మొత్తం ఇడ్లీ ప్లేటు తిరగేసినట్టు కనబడుతుంది. కింద నుంచి ఎంత తిరిగినా గడుల లెక్క అందదు, పై నుంచి ఒక్క చూపులో అర్థమైపోతుంది. బురుజుల మీద ఫిరంగులున్నాయి, వాటిలో బారా గజ్ తోపు 29 అడుగుల పొడుగు, ప్రపంచంలోనే పొడుగైనదని మా ఊరివాళ్ళ వాదన. మీ ఆయన్ని అక్కడికి తీసుకుపోండి, సాంచెలు తిప్పే మనిషికి ఇనుము చూపిస్తే గొణుగుడు ఆగుతుంది.

ఇంకా ఓపిక ఉంటే హఫ్త్ గుంబజ్, బహమనీ సుల్తానుల సమాధులు, ఊరికి తూర్పున. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా (ఢిల్లీ తుగ్లక్ కాదు) సమాధి వాటిలో పెద్దది, రెండు గదులు కలిపి కట్టింది. దాని దారిలోనే ఖ్వాజా బందే నవాజ్ దర్గా, అక్కడికి అన్ని కులాల వాళ్ళూ పోతారు, మన సోలాపూర్ నుంచి కూడా మొక్కులవాళ్ళు వస్తారు. ఉర్సు రోజుల్లో మాత్రం ఊళ్ళో రూము దొరకదు. తినడానికి జొన్నరొట్టె, ఎణ్ణెగాయి ఎక్కడైనా బాగుంటుంది, పల్లీల పొడి మన షేంగా చట్నీకి చెల్లెలే. తహరీ కలబురగిలో తినాల్సిందే అంటారు, అందులో మాంసం ఉంటుంది, గాణగాపురం నుంచి వచ్చిన మర్నాడే కాబట్టి అత్తమ్మ ముందు ఆ పేరెత్తకండి.

సాఖర్‌పేట కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారూ, పొట్టి కాళ్ళు వెడల్పాటి భుజాలు అన్నారే, అక్కడ అర్థమైంది నాకు. మా వాడికి చూపిస్తే "ఇదే కదా నేను చెప్పింది" అంటాడు, కాదు నువ్వు చెప్పింది ఇది కాదు అన్నాను. రైలుబండి తమ్ముడు చెప్పినట్టే ప్లాన్ ఖాయం, మొక్కు ముందు అనేసరికి అత్తమ్మ కూడా ఒప్పుకుంది, మసీదులో నీడలో కూర్చుంటా మీరు తిరగండి అంటోంది. మా వాడికి ఇంకో డౌటు, వాడే రాస్తాడట, ఫోన్ ఇస్తున్నా.

నమస్తే సర్, నేను వాళ్ళబ్బాయిని. నాకు అక్కడ రెండు మూడు గంటల కంటే ఎక్కువ దొరకదు. అంతసేపట్లో 216 అడుగుల బిల్డింగు మొత్తం కొలవలేను. ట్రైపాడ్, లేజర్ మీటర్ తెచ్చుకుందామనుకుంటున్నా. ఏది కొలవాలి, ఏది వదిలేయాలి? గుమ్మటాల లెక్క కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంది.

దేగ్లూర్ మాస్టారు:

బాబూ, మొత్తం కొలవకు. ఈ బిల్డింగు కరుణించే సంగతి ఏంటంటే అంతా ఒకే గడి తిరిగి తిరిగి రావడం. లోపలి గడి ఒకటి జాగ్రత్తగా కొలువు, నాలుగు వైపులా, దిమ్మ మందం విడిగా. తర్వాత దూరంగా ఉన్న ఇంకో రెండు గడులు కొలిచి సరిపోతుందో లేదో చూసుకో. ఆరున్నర వందల ఏళ్ళ కింది పని, అంగుళాల తేడాలు వస్తాయి, వాటిని సరిచేసి రాయకు, వచ్చింది వచ్చినట్టు రాసుకో. లోపలి గడులు తేలాక మిగతా ప్లాన్ గీయడం లెక్క ప్రకారమే. గుమ్మటాలు ఎవరో రాసినవి ఎత్తి రాయకు, లోపల వరసలు ఇన్ని, వరసకి గడులు ఇన్ని అని నువ్వే లెక్కపెట్టుకో, వరండా మూలలవి, మిహరాబు ముందుది వేరుగా రాసుకో. పుస్తకాల మధ్య తేడా వచ్చేది వేటిని కలుపుకున్నారు, వేటిని వదిలారు అన్న దాని దగ్గరే.

అసలు టైమంతా వరండా కమాను మీద పెట్టు. మూడు కొలతలు చాలు: దిమ్మకీ దిమ్మకీ మధ్య వెడల్పు, నేల నుంచి వంపు మొదలయ్యే చోటుకి ఎత్తు, నేల నుంచి కమాను కొన దాకా ఎత్తు. లేజర్ మీటర్ ఉంటే మూడోది తేలిక. అదే మూడు కొలతలు ఉత్తర ద్వారం దగ్గర, లోపలి గడి కమాను దగ్గర కూడా తీసుకో. మూడు కమాన్లూ ఒకే కాగితం మీద ఒకే స్కేలులో గీస్తే నీ షీటులో సగం పని అయిపోయినట్టే. తర్వాత తూర్పు వరండా నుంచి మిహరాబు దాకా అడ్డకోత ఒకటి గియ్యి. వెలుతురు ఎటు నుంచి ఎంత దూరం వస్తోందో దాని మీద పెన్సిల్‌తో షేడ్ చెయ్యి, అందుకే పొద్దున పొమ్మంటున్నాం, పడమటి గోడ మూసేసి ఉంటుంది కాబట్టి సాయంత్రం ఆ దెబ్బ తెలియదు.

ట్రైపాడ్ ఇంట్లో వదిలెయ్యి. ఆర్కియాలజీ వాళ్ళ కట్టడాల్లో దానికి ముందుగా రాతపూర్వకంగా పర్మిషన్ కావాలి, గేటు దగ్గర బతిమాలి టైం పోగొట్టుకుంటావు. ఫోన్ కెమెరాకి ఇబ్బంది లేదు. టేపూ లేజరూ బయటికి తీసే ముందు అక్కడున్న వాచ్‌మన్‌కి కాలేజీ ఉత్తరం చూపించు, లెటర్‌హెడ్ మీద మీ ప్రొఫెసర్ సంతకంతో తెచ్చుకో, రెండు కాపీలు. వాళ్ళు ఒకటి ఉంచుకుంటారు.